చీనా విద్యార్థుల యాంగ్లపఠనము - ఖండాన్వయపద్ధతి

ప్రతిసంవత్సరమును జూన్ నెల 7, 8 తేదీలయందుఁ జీనాదేశమున గావోకావో యను మహాపరీక్ష జరుగును. ఉన్నతపాఠశాలావిద్యను ముగించి విశ్వవిద్యాలయములఁ జేరఁగోరువారికి నిదియే ప్రధానద్వారము. 2025 వ సంవత్సరమున నీ పరీక్షకుఁ బేళ్లు నమోదు చేయించుకొన్నవారు 1 కోటి 33 లక్షల 50 వేలమంది. చీనాభాష, గణితము, విదేశభాష యను మూఁడు విషయములు నందఱకును విధింపఁబడినవి. ఒక్కొక్కదానికి 150 మార్కులు. విదేశభాషగా రష్యను, జపాను మొదలగు భాషలను గూడఁ దీసికొనవచ్చును గాని విద్యార్థులలోఁ బెక్కండ్రు తీసికొనునది యాంగ్లమే. అనేకప్రాంతములయందు వాడుకలో నున్న జాతీయప్రశ్నపత్రము ననుసరించి యాంగ్లమునకుఁ గల 150 మార్కులలో 50 మార్కులు పఠనభాగమునకే కేటాయింపఁబడినవి.

ఈ 50 మార్కులను బొందుటకు విద్యార్థి యేమి నేర్వవలయు నను ప్రశ్నకు రెండు సమాధానములు సామాన్యముగా వినఁబడుచుండును. పదపట్టికను వల్లించు మనువారు కొందఱు. పాఠ్యఖండమును బూర్తిగాఁ జదువ నక్కఱలేదు, ప్రశ్నను ముందు చూచి, యందలి ముఖ్యపదమును ఖండములో వెదకి, దానిచుట్టు నున్న వాక్యమును బట్టి సమాధానమును గుఱుతింపు మనువారు మఱికొందఱు. మొదటివారు పదమును బట్టుకొనిరి; రెండవవారు ప్రశ్నను బట్టుకొనిరి. నడుమనున్న వాక్యమును గూర్చి యుభయులును మౌనము వహించిరి. వాక్యార్థజ్ఞానమే పఠనమునకుఁ బ్రాణ మనియు, దానిని సాధించుమార్గము మన వ్యాఖ్యాతలకుఁ జిరపరిచితమైన ఖండాన్వయమునకు మిక్కిలి సన్నిహిత మనియు, చీనావారి ప్రాచీనవిద్యాపద్ధతియందే యిందులకు బీజము కల దనియుఁ జూపుట యీ వ్యాసమున కుద్దేశము.

పూర్వవృత్తము

చీనావారికిఁ బరీక్షలు క్రొత్తవి కావు. పరీక్షమూలమున రాజోద్యోగులను నేరుకొను పద్ధతి క్రీ. శ. 7 వ శతాబ్దారంభమున స్వీ రాజవంశకాలమున నంకురించి, 1905 లో రద్దగువఱకును నించుమించు 1300 ఏండ్లు నిలిచినది. అందుఁ బ్రాచీనగ్రంథములే పఠనీయములు. ప్రభుత్వమే పూనికొని పాశ్చాత్యభాషలను నేర్పించుటకై 1862 లో బీజింగునగరమునఁ దుంగ్‌వెన్ క్వాన్ అను పాఠశాల స్థాపింపఁబడెను. అందు మొదట నేర్పినది యాంగ్లము. 1898 వ సంవత్సరము చీనాభాషాచరిత్రమున గణింపఁదగినది. ఆ యేఁట యెన్ ఫూ యను పండితుఁడు హక్స్లీ రచించిన పరిణామనీతిగ్రంథమును జీనాభాషలోనికిఁ దెచ్చి ప్రకటించెను. ఆ యేఁటనే మా జ్యెన్‌జుంగ్ అను విద్వాంసుఁడు లాటిను వ్యాకరణమును మేలుబంతిగాఁ గొని చీనాభాషకు వ్యాకరణము వ్రాసి ప్రకటింప నారంభించెను. అంతకుఁ బూర్వము చీనావారికి నక్షరములమీఁదను, ధ్వనులమీఁదను, నవ్యయప్రాయములైన చిన్నమాటలమీఁదను గొప్పగ్రంథములు కలవు; వాక్యరచనను సమగ్రముగా శాస్త్రీకరించిన గ్రంథము మాత్ర మదియే మొదటిది. పాణినీయము చదువుకొన్న మనకు నీ సంగతి యాశ్చర్యము గొలుపును. వ్యాకరణశాస్త్రము లేకయే వారు వేలకొలఁది గ్రంథములను జదువఁగలిగి రన్నచో, వాక్యమును దెలిసికొనుటకు వారికి మఱియొక యుపాయ ముండి తీఱవలయును. ఆ యుపాయమును ముందు చెప్పెదను.

నేఁటి గావోకావో 1952 లో నేర్పడినది. 1966 లో నిలిచిపోయి, 1977 లో మరల ననుష్ఠానమునకు వచ్చినది. ఆ యేఁటి శీతకాలమున సుమారు 57 లక్షలమంది యీ పరీక్షకుఁ గూర్చుండిరి. 2001 లోఁ బ్రాథమికపాఠశాలల మూఁడవతరగతినుండియే యాంగ్లమును బ్రవేశపెట్టుటకు విద్యాశాఖ నిర్ణయించెను. కావున నేఁడు గావోకావోకుఁ గూర్చుండు బాలుఁడు సాధారణముగాఁ బదియేండ్లు ఆంగ్లము చదివినవాఁడు. పదియేండ్లు చదివియు మూఁడువందల మాటల ఖండమును దెలిసికొనలేక తడఁబడుట యెందువలన? ఇది విచారింపవలసిన విషయము.

పరీక్షారూపము

పఠనభాగమున రెండంతరములు కలవు. మొదటిదానియందు నాలుగు ఖండములు, వానిపైఁ బదునైదు ప్రశ్నలు, ప్రశ్న యొక్కింటికి రెండున్నర మార్కులు, మొత్తము 37.5. రెండవదానియందు నొక్కటే ఖండము. అందైదుచోట్ల వాక్యములు తొలఁగింపఁబడియుండును. క్రింద నీయఁబడిన యేడువాక్యములలో నైదింటిని దగినచోట్ల నిలుపవలయును, రెండు మిగిలిపోవును. దీనికి 12.5 మార్కులు. ఆంగ్లపరీక్ష కంతకును గలసి కాలము రెండుగంటలే. విశ్వవిద్యాలయములఁ జేరినవెనుకను విద్యార్థి కీ బాధ తీఱదు. 1987 లో నారంభమైన కళాశాలాంగ్లపరీక్ష చతుర్థశ్రేణియందు నూటికి ముప్పదియైదు పాళ్లు పఠనమునకే. అక్కడ నలువది నిమిషములలో ముప్పది ప్రశ్నలకు సమాధానము గుఱుతింపవలయును.

ప్రశ్నలు నాలుగు తెగలని చీనా యుపాధ్యాయులు విభజింతురు. ఖండమున స్పష్టముగాఁ జెప్పఁబడిన విషయము నడుగునవి మొదటితెగ. చెప్పఁబడినదానినుండి యూహింపఁదగినదాని నడుగునవి రెండవతెగ. ఖండసారము నడుగునవి మూఁడవతెగ. తెలియని మాటకు సందర్భమును బట్టి యర్థము చెప్పుమనునవి నాలుగవతెగ. మన శాస్త్రపరిభాషలోఁ జెప్పవలసినచో వాచ్యార్థము, అర్థాపత్తి, తాత్పర్యము, శబ్దార్థనిర్ణయము అని యనవచ్చును. ఈ నాలుగును వాక్యార్థజ్ఞానము నాశ్రయించియే యున్నవి. వాక్యము తెలియనిచో నాలుగును గూలును.

క్లేశమునకు మూలము

చీనాభాషయందు నామములకు విభక్తిప్రత్యయములు లేవు. క్రియకుఁ బురుషవచనభేదము లేదు. కాలమునుబట్టి ధాతురూపము మాఱదు. పదములక్రమమును గొన్ని చిన్నమాటలును నర్థమును నిర్ణయించును. సంస్కృత మిందులకుఁ బూర్తిగా విరుద్ధము. అచ్చట విభక్తియే నాయకుఁడు, క్రమము సేవకుఁడు. ఆంగ్లము నడిమిది. దాని విభక్తులు చాలవఱకు నశించినవి, క్రమము బలవత్తరమైనది, ఐనను గ్రియారూపభేదములును, విభక్తిస్థానీయములైన చిన్నమాటలును మిగిలియున్నవి.

చీనాభాషకును నాంగ్లమునకును నొక సామ్యము కలదు. రెండింటను గర్త మొదట, క్రియ తరువాత, కర్మ చివర వచ్చును. "నేను చదువుదును గ్రంథము" అను క్రమము రెండింటికిని సహజము. అందుచేత మొదటితరగతులలోఁ జీనాబాలుఁ డాంగ్లవాక్యములను సులభముగాఁ జదువును. ఈ సౌలభ్యమే తరువాత మోసము చేయును. వాక్యమున విశేషణవాక్యములు చేరినంతనే రెండుభాషలును వేఱువేఱు దారులఁ బట్టును. ఒక యుదాహరణము చూతము.

"ది బుక్ దట్ ది టీచర్ హూ కేమ్ యెస్టర్‌డే గేవ్ మీ ఈజ్ న్యూ" అని యాంగ్లవాక్యము. దీనినిఁ దెలుఁగున "నిన్న వచ్చిన యుపాధ్యాయుఁడు నాకిచ్చిన పుస్తకము క్రొత్తది" అందుము. ఇందలి కర్తృభాగము చీనాభాషలో "జ్వోత్యెన్ లాయ్ ద లావోషి గెయ్ వో ద షూ" అని యుండును. జ్వోత్యెన్ అనఁగా నిన్న, లాయ్ ద, వచ్చిన, లావోషి, ఉపాధ్యాయుఁడు, గెయ్ వో ద, నాకిచ్చిన, షూ, పుస్తకము. చూచితిరా! మనమును జీనావారును విశేషణమును ముందుఁ జెప్పి విశేష్యమును వెనుకఁ జెప్పుదుము. మన వ్యాకరణములలో ధాతుజవిశేషణ మనఁబడు "వచ్చిన", "ఇచ్చిన" మొదలగు రూపములు చేయుపనిని వారికి "ద" యను చిన్నమాట చేయును. ఆంగ్లేయుఁడో పుస్తకమును ముందు పలికి, యది యెట్టిదో వెనుకఁ జెప్పును.

ఇంతకంటె సూక్ష్మమైన భేద మింకొకటి కలదు. చీనావారి "ద" విశేషణమునకుఁ జివర వచ్చును; అది మూయు గుఱుతు. ఆంగ్లమున "దట్", "హూ" అనునవి విశేషణమునకు మొదట వచ్చును. అవి తెఱచు గుఱుతులు. మూయుగుఱుతుగల భాషకు నలవడిన పాఠకునికి విశేషణ మెచ్చట ముగిసెనో వేఱుగా వెదకికొనవలసిన పని లేదు. తెఱచుగుఱుతే గల భాషలో నది యెచ్చట ముగియునో పాఠకుఁడే నిర్ణయించుకొనవలయును. పై వాక్యమున "కేమ్", "గేవ్", "ఈజ్" అని మూఁడు క్రియలు కలవు. "మీ ఈజ్ న్యూ" అను మూఁడుమాట లొకదానిప్రక్క నొకటి యుండుటచే నవి యొక యన్వయమని భ్రమించు బాలురు కలరు. ఆ మూఁడు మాటలును వారికి రెండవయేఁటనుండియుఁ దెలిసినవే! తెలియనిది యన్వయము. ఆంగ్లేయులు పలుమాఱు "దట్" అను తెఱచుగుఱుతును సైతము వదలివేయుదురు. అప్పుడు "ది బుక్ ది టీచర్ గేవ్ మీ" యని రెండు నామములు ప్రక్కప్రక్కన నిలిచి పాఠకుని మఱింత తికమకపెట్టును.

ఇఁక సర్వనామములు. చీనాభాషయందు సందర్భమునఁ దెలియు కర్తను మాటిమాటికిఁ జెప్పనక్కఱలేదు, చెప్పకపోవుటయే సొంపు. ఆంగ్లమునఁ గర్తను విడువరాదు గావున "ఇట్", "దే", "దిస్", "విచ్" అను మాటలు వాక్యవాక్యమునను వచ్చుచుండును. ఒక్కొకచో "దిస్" అనునది వెనుకటి నామమును గాక వెనుకటి వాక్యార్థమంతటిని జెప్పును. ప్రశ్నకర్త లీ చోటునే యేరుకొందురు.

దండాన్వయము, ఖండాన్వయము

పై వాక్యమును బాలుఁ డెట్లు చదువునో పరిశీలింపుఁడు. "బుక్" అను మాటను జూచి, యది చీనాక్రమమునఁ జివర రావలసినది గావున దానిని బ్రక్కకుఁ బెట్టును. "టీచర్" అను మాటను నట్లే ప్రక్కకుఁ బెట్టును. "యెస్టర్‌డే" దొరకినపిదప దానిని మొదటికిఁ దెచ్చి, "కేమ్"ను జేర్చి, టీచరును దెచ్చి, చివర బుక్కును జేర్చును. కన్ను ముందుకును వెనుకకును బరుగెత్తును. ఇది మనము శ్లోకమునకుఁ జేయు దండాన్వయమువంటిది. పదములన్నిటిని దనకుఁ బరిచితమగు గద్యక్రమమున వరుసగా నమర్చుకొనినఁ గాని యర్థము కాదు. వ్రాసికొని యనువాదము చేయువాని కిది తగును. మూఁడువందల మాటల ఖండములను నాలుగింటిని గడియారము చూచుచుఁ జదువవలసినవాని కిది తగదు.

ఖండాన్వయ మట్టిది కాదు. వ్యాఖ్యాత ముందు ప్రధానక్రియను, దాని కర్తను బట్టుకొని, పిమ్మట ప్రశ్నలచేఁ దక్కినపదముల నాకర్షించును. "ఎవఁడు? ఎట్టివాఁడు? దేనిని? ఎట్టిదానిని? ఎందుచేత?" అని యాకాంక్ష పుట్టించి, యాకాంక్ష తీర్చుపదమును దెచ్చి కలుపును. అందుచేతనే దీనికిఁ గథంభూతిని యని పేరు వచ్చినది. ఆంగ్లవాక్య మీ పద్ధతికి వశమగుటకే పుట్టినదా యనునట్లుండును. పుస్తకము - ఏ పుస్తకము? - ఉపాధ్యాయుఁ డిచ్చినది - ఏ యుపాధ్యాయుఁడు? - నిన్న వచ్చినవాఁడు - ఆ పుస్తకము సంగతి యేమి? - క్రొత్తది. ఇందుఁ బదము లున్నచోటనే యున్నవి. కన్ను వెనుకకుఁ దిరుగదు. ఆంగ్లేయుఁడు విశేష్యమును ముందుఁ జెప్పి, వినువానికి "ఎట్టిది" యను నాకాంక్షను బుట్టించి, పిమ్మటఁ దీర్చుచున్నాఁడు. చీనాబాలునకు నేర్పవలసినది యా ప్రశ్నను సకాలమున నడుగుటయే.

ఈ సందర్భమున నా యొద్దఁ గావ్యపాఠము చదివిన యొక బాలుని ప్రస్తావింపవలయును. అతనికి నమరము మూఁడుకాండలును గంఠస్థములు. శ్లోకములోని ప్రతిపదమునకుఁ బర్యాయములు చెప్పును. శ్లోకార్థ మడిగినఁ దెల్లఁబోవును. అతనికి మఱి రెండువందల పదములు నేర్పినను బ్రయోజనము లేదని తెలిసి, నిఘంటువును గట్టిపెట్టించి, రెండునెలలు ప్రశ్నోత్తరములతో నన్వయము మాత్రమే చేయించితిని. అతఁడు పిదప నాకంటె వేగముగాఁ జదువనారంభించెను. పదపట్టికలతోఁ గుస్తీపట్టు చీనాబాలుర వృత్తాంతము చదివినప్పుడెల్ల నా బాలుఁడే నాకు జ్ఞప్తికి వచ్చును.

చీనావారి వాక్యచ్ఛేదవిద్య

వ్యాకరణశాస్త్రము లేనినాఁడు చీనావారు వాక్యము నెట్లు తెలిసికొనుచుండిరని పైన నడిగితిని. వారి ప్రాచీనగ్రంథములయందు విరామచిహ్నములు లేవు. అక్షరములన్నియు నెడములేక వరుసగా వ్రాయఁబడియుండును. మన తాళపత్రములును నించుమించట్టివే. వాక్య మెచ్చట ముగిసెనో, వాక్యమధ్యమున నెచ్చట నూఁపిరి తీయవలయునో విద్యార్థియే నిర్ణయించుకొనవలయును. ఈ విద్యకు జ్యూదౌ అని పేరు. వాక్యాంతము జ్యూ, మధ్యవిరామము దౌ. వారి ధర్మగ్రంథములలో నొకటియగు లీజీలోని విద్యాప్రకరణమున, మొదటియేఁటి విద్యార్థిని బరీక్షింపవలసిన విషయములలో గ్రంథమును జ్ఛేదింపఁగలుగుట యొకటిగాఁ బేర్కొనఁబడినది. విద్యార్థులు గ్రంథమును జదువుచుఁ జుక్కలు పెట్టుకొనుచుండిరి. చుక్క తప్పుచోఁ బడినచో నర్థము తాఱుమాఱగును. చుక్కను బట్టియే గురువు శిష్యునకు నర్థమైనదో లేదో తెలిసికొనుచుండెను.

1920 లో నూతనవిరామచిహ్నములను బ్రభుత్వ మంగీకరించుటతో నీ శ్రమ చాలవఱకు దొలఁగినది. అది మేలే. ఐనను శ్రమతోఁ గూడ నొక శిక్షణమును దొలఁగినది. ఆంగ్లగ్రంథమునఁ గామాలును బిందువులును గలవు గదా యని బాలుఁడు నిశ్చింతగా నుండును. ఆ చిహ్నములు వాక్యమునకు మేరలు చూపును గాని, వాక్యములోపలి ఖండములకుఁ జూపవు. పై యుదాహరణవాక్యమునఁ గామా యొక్కటియు లేదు. కనుక నాంగ్లమునకును జ్యూదౌ కావలయును. నేఁటి చీనా యుపాధ్యాయులలో వివేకవంతులు దీనినే "యీచ్యున్" అను పేర, ననఁగా నర్థసముదాయ మను పేర, నేర్పుచున్నారు. పేరు క్రొత్తది, విద్య వారి తాతలది.

తరగతిలో దీని ననుష్ఠించు విధ మిట్లుండవచ్చును. మొదట నొక చిన్నఖండమును దీసికొని, యర్థసముదాయములనడుమ విద్యార్థిచేతనే గీఁతలు గీయింపవలయును. పిమ్మటఁ బ్రతివాక్యమునను బ్రధానక్రియక్రింద నొక గీఁత. దాని కర్తక్రింద నొక గీఁత. తెఱచుగుఱుతుతోఁ బ్రారంభమైన క్రియ ప్రధానక్రియ కాదని యొక్క సూత్రము చెప్పినఁ జాలును. తరువాతఁ బ్రతిసర్వనామముపైనను దాని నిర్దేశ్యమును వ్రాయింపవలయును. అటుపిమ్మట నాకాంక్షాప్రశ్నలను గురువడుగఁగా శిష్యుఁడు పుస్తకములోని క్రమమునే చూచి చెప్పవలయును. చివరకు గీఁతలులేని ప్రతిలో నదే ఖండమును గాలము చూచుకొని చదివి, సారమును రెండువాక్యములలోఁ జెప్పవలయును. వారమునకు రెండుఖండములు చాలును. ఇరువదిఖండములను బైపైఁ జూచుటకంటె రెంటిని నిట్లు చదువుట మేలు.

పదార్థనిర్ణయము

పదముల నభ్యసింప నక్కఱలేదని నా యభిప్రాయము కాదు. 2017 నాఁటి యున్నతపాఠశాలాప్రణాళిక సుమారు 3000 పదములను నిర్దేశించినది, అవి రావలసినదే. ఖండములోని మాటలలో నూటికి 98 తెలిసినఁ గాని యితరసాహాయ్యము లేక యర్థము సరిగాఁ జిక్కదని హూ, నేషన్ అను పరిశోధకులు 2000 లోఁ బ్రకటించిరి. మూఁడువందల మాటల ఖండమున నాఱుమాటలు తెలియకున్నను నిలువవచ్చును. ముప్పది తెలియకున్న నన్వయ మేమి చేయఁగలదు?

ఐనఁ బరీక్షయందు బాలుని బడఁగొట్టునవి పలుమాఱు తెలియని మాటలు గావు, తెలిసినమాటలే. "షూత్స్ షెంగ్‌యీ" యని చీనా యుపాధ్యాయులందురు. ఎఱిఁగిన మాటకు నెఱుఁగని యర్థ మని భావము. "బుక్" అనఁగాఁ బుస్తక మని వల్లించినవాఁడు "బుక్ ఎ రూమ్" అనుచో గదిని ముందుగా నేర్పఱచుకొనుట యని యెఱుఁగఁడు. "అడ్రెస్" అనఁగా నివాసస్థాన మని నేర్చినవాఁడు "అడ్రెస్ ఎ ప్రాబ్లెమ్" అనుచోఁ జిక్కును బరిష్కరింపఁబూనుట యని గ్రహింపఁడు. అనేకార్థకశబ్దమునకు నర్థమును నిశ్చయించు సాధనములుగా సంయోగము, విప్రయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము మొదలగువానిని భర్తృహరి వాక్యపదీయమునఁ బరిగణించినాఁడు. "బుక్" శబ్దమునకు "రూమ్" సాహచర్యము చాలును. వాక్యమధ్యమున "బట్" అను మాట వచ్చినచో, దానికి ముందుది తెలిసి, వెనుకది తెలియనిచో, విరోధమే యర్థము చెప్పును. పదమును బట్టికనుండి గాక వాక్యమునుండి నేర్పినఁ గాని యీ శక్తి యలవడదు.

తాత్పర్యనిర్ణయము

ఖండసారము నడుగు ప్రశ్నలయందు నాలుగు పేర్లనిచ్చి, తగిన శీర్షిక నేరుకొమ్మందురు. తాత్పర్యనిర్ణయమునకు మీమాంసకులు చెప్పిన లింగము లాఱు మనకుఁ బ్రసిద్ధములు: ఉపక్రమోపసంహారములు, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. ఇవి వేదవాక్యములకై చెప్పఁబడినవైనను బరీక్షాఖండమునకుఁ జక్కఁగా వర్తించును. ఉదాహరణమునకై నే నొక ఖండమును గల్పించుచున్నాను. నగరమునఁ దేనెటీఁగలు బ్రదుకవని పలువు రనుకొందురని మొదలు. తోఁటలయందుఁ బెక్కుకాలములఁ బూచు పూవు లుండుటచే నవి బ్రదుకుచున్నవని నడుమ. ఒక గృహస్థుఁడు తన మిద్దెమీఁదఁ దీసిన తేనె కథ పిమ్మట. ఐనను బెట్టెలు మితిమీఱినచో నడవితేనెటీఁగలకుఁ బూవులు చాలవు గావున నొక హద్దు వలయునని ముగింపు.

దీనికి శీర్షికలు నాలుగు: "కీటకలోకము", "మిద్దెమీఁదఁ దేనె తీయువిధము", "తేనెతో రోగశాంతి", "నగరమునఁ దేనెటీఁగలు - లాభము, హద్దు". ఉపక్రమోపసంహారములు నగరమును, హద్దును జెప్పుచున్నవి. తేనెటీఁగల మనుగడ యభ్యాసము. సామాన్యుల యభిప్రాయమునకు విరుద్ధమగుట యపూర్వత. హద్దు నేర్పఱచు వివేకము ఫలము. గృహస్థుని కథ యర్థవాదము. పూవులు దొరకుట యుపపత్తి. అర్థవాదమును దాత్పర్యముగాఁ గొన్నవాఁడు రెండవశీర్షికను గుఱుతించును. కథ రుచించుటచేఁ బెక్కండ్రు బాలు రట్లే చేయుదురు. మొదటి శీర్షిక కతివ్యాప్తి దోషము, రెండవదాని కవ్యాప్తి, మూఁడవదాని కసంభవము. నాలుగవది నిర్దుష్టము.

తప్పుసమాధానముల దోషములకుఁ జీనా యుపాధ్యాయులు తమ లోకోక్తులతోఁ బేళ్లు పెట్టిరి. ఏకదేశముచే సర్వమును గప్పుట యొకటి. లేనిదానినుండి యున్నదానిని బుట్టించుట యొకటి. జాంగ్ గారి టోపీని లీ గారి తలమీఁదఁ బెట్టుట, యనఁగా నొకని ధర్మమును వేఱొకనికి నారోపించుట, మఱియొకటి. ఈ పేళ్లు చక్కనివి. ఏ దోషమో పేరుపెట్టి చెప్పఁగలిగిన విద్యార్థి తప్పును విడిచినట్లు, మనస్సునకుఁ దోఁచలేదని విడిచినవాఁడు విడువఁజాలఁడు.

ఊహాప్రశ్నలయందుఁ గూడ నొక మేర కలదు. దేవదత్తుఁడు బలిసియున్నాఁడు, పగలు భుజింపఁడు. కావున రాత్రి భుజించును. ఇది యర్థాపత్తి, వాక్యములు రెండు నిలువవలయునన్న మూఁడవది యంగీకరింపక తప్పదు. దేవదత్తుఁడు ధనవంతుఁడు గావున బలిసినాఁ డనుట పాఠకుని కల్పన. అది లోకమున నిజము కావచ్చును, ఖండమున లేదు. తెలివిగల బాలురు తమ లోకజ్ఞానముచేతనే యిట్టిచోట్ల నోడుదురు.

ఏడింటిలో నైదింటి నేరుకొను ప్రశ్నకును నిదియే మందు. లోపించిన వాక్యమునకు ముందువాక్య మే యాకాంక్షను బుట్టించినది? వెనుకవాక్యములోని సర్వనామము దేనిని వెదకుచున్నది? ఈ రెండును జూచినచో సంగతి కుదురును. చుట్టునున్న మాట లందే కనఁబడినవని వాక్యమును నిలిపినచో మిగిలిపోవలసిన రెండును దిన్నగా వచ్చి కూర్చుండును.

ఆక్షేపము, సమాధానము

"పరీక్షాగృహమున నింత విచారమునకుఁ దీఱిక యేది? ఉపాయములు చెప్పినఁ జాలదా?" అని కొంద ఱాక్షేపింతురు. ఉపాయములను బరీక్షింతము. ప్రశ్నలోని మాటను ఖండమున వెదకు మనుట యొక యుపాయము. ప్రశ్నకర్తలు దీని నెఱుఁగనివారు కారు. కనుక సరియైన సమాధానమును బర్యాయపదములతో వ్రాసి, తప్పుసమాధానమున ఖండములోని మాటలనే పొదుగుదురు. "ఎల్లప్పుడు", "మాత్రమే" యను మాటలుగల సమాధానము తప్పని విడువుమనుట మఱియొక యుపాయము. ఖండమే "మాత్రమే" యన్నచో నేమి గతి? ప్రశ్న మొదట చూచుటలో దోషము లేదు. అది చదువుటకు గుఱి చూపును. చదువుటకు బదులుగా దానిని గొన్నప్పుడే కీడు.

కాలవిషయమునఁ జెప్పవలసిన దిది. ఖండాన్వయము మొదట మందగతిగా నుండును. అభ్యాసమున నది మాట పలుకకయే జరుగును. పంచకావ్యములు చదివిన పండితుఁడు శ్లోకమును జూచినంతనే యర్థము గ్రహించుట యన్వయము చేయకపోవుటచేతఁ గాదు, చేసిచేసి యది యగోచరమగుటచేత. ఆ వేగమునకు రెండవసాధనము విరివిగాఁ జదువుట. పరీక్షాఖండములకంటెఁ దేలికయైన కథలను, వార్తలను దినమునకుఁ బది పదునైదు నిమిషములు గీఁతలులేక, ప్రశ్నలులేకఁ జదివింపవలయును. వారమునకు రెండుఖండముల లోఁతు, ప్రతిదినము తేలికపుస్తకముల వెడల్పు. ఈ రెండును గలసినఁ బరీక్షకు వేఱు మందు లేదు.

దీనిలో మార్కులకంటెఁ బెద్ద లాభనష్టములు కలవు. ఉపాయములతోఁ బొందిన మార్కు పరీక్షాద్వారము దాఁటఁగానే కఱఁగిపోవును. ద్వార మావల విశ్వవిద్యాలయమున శాస్త్రగ్రంథము లాంగ్లమున నెదురగును; అచ్చట నాలుగు సమాధానములు క్రింద వ్రాసియుండవు. చదువనేర్చినవాఁడు చదువును, వెదక మాత్రమే నేర్చినవాఁడు వెదకుటకుఁ బ్రశ్న లేక నిలిచిపోవును.

పాఠశాలాపండితుల కొక మనవి. విశేషణమును ముందుఁ జెప్పు స్వభావము మనకును జీనావారికిని సమానము గావున, మన పిల్లలును "దట్", "హూ" అనుచోట్ల నట్లే వెనుకకుఁ దిరిగి చూచుచుందురు. ఆంగ్లోపాధ్యాయుఁడు ప్రక్కతరగతిలో వారిచేఁ దిరుగఁబోయించుచున్న వాక్యమును, దెలుఁగు తరగతిలో "ఎట్టిది?" యను నొక్కప్రశ్నతో మనము నిలువఁబెట్టవచ్చును. పద్యమున కన్వయము చెప్పు దినమున నొక యాంగ్లవాక్యమును గూడ నల్లబల్లమీఁద వ్రాసి, యదే ప్రశ్నలతోఁ బిల్లలచేఁ జెప్పించి చూతురుగాక.